డిగ్రీ అయ్యాక ఖగోళశాస్త్రంలో రీసెర్చ్ ఫెలోషిప్: ఎక్కడ వెతకాలి, ఏం చూపించాలి

డిగ్రీ అయిన వారానికే కంప్యూటర్ ముందు కూర్చుని ఆస్ట్రానమీ ఫెలోషిప్‌ల కోసం వెతికాను. ముందుగా నాసా హబుల్ ఫెలోషిప్ కనిపించింది. మూడేళ్ల వరకూ జీతం, అమెరికాలో మనకు నచ్చిన సంస్థ, మనకు నచ్చిన పరిశోధన. ఎగిరి గంతేసి సీవీ రాయడం మొదలుపెట్టాను, అర్హతల పేజీ మాత్రం మూడో రోజు చదివాను. పీహెచ్‌డీ ఉండాలట! నిజానికి అది పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లు ఒకరితో ఒకరు పోటీపడే చోటు, నాలాంటి డిగ్రీవాడికి అక్కడ పనే లేదు.

నాలా మీరూ పప్పులో కాలేయకుండా ఉండాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. ఫెలోషిప్ అనే ఒక్క పదంతో ఈ రంగంలో కనీసం నాలుగు వేర్వేరు వస్తువులను పిలుస్తారు. పీహెచ్‌డీ తర్వాతవి (హబుల్ లాంటివి) పక్కన పెట్టేయండి. రెండో రకం, పీహెచ్‌డీ చేస్తున్నంత కాలం ఖర్చులు భరించేవి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాళ్ల గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్ ఈ కోవలోదే, ఐదేళ్ల వ్యవధిలో మూడేళ్లకు డబ్బిస్తుంది, కాకపోతే ఆ దేశ పౌరులు, శాశ్వత నివాసులు మాత్రమే పెట్టుకోవాలి. భారత్‌లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి తెచ్చుకునే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అలాగే పుణేలోని ఐయూకా, ముంబైలోని టీఐఎఫ్‌ఆర్ లాంటి పరిశోధన సంస్థలు తమ పీహెచ్‌డీ విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్ కూడా ఈ జాతివే. మూడో రకం, ఒకటిన్నర నుంచి మూడు నెలల వేసవి ప్రాజెక్టులు. నాలుగోది, డిగ్రీకీ పీహెచ్‌డీకీ మధ్య ఏడాదో రెండేళ్లో ఒక పరిశోధన బృందంలో జీతం మీద పనిచేసే అవకాశం. దీనికి స్థిరమైన పేరే లేదు, ఒకచోట పోస్ట్‌బ్యాక్ అంటారు, ఇంకోచోట ప్రీడాక్టొరల్ ఫెలో, మరోచోట రీసెర్చ్ అసిస్టెంట్ లేదా రీసెర్చ్ అనలిస్ట్, యూరప్‌లో ట్రైనీ. కొత్తగా డిగ్రీ అయినవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే, కానీ ఒక పేరంటూ లేకపోవడంతో చాలామంది కంట పడదు. ఇక్కడ నేను రాసేది ఎక్కువగా ఈ మూడో, నాలుగో రకాల గురించే.

పట్టా చేతికి రాకముందే కదలండి

ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఒక ఏడాది మిగిలేది. వేసవి ప్రాజెక్టుల్లో చాలావాటికి మీరు ఇంకా విద్యార్థిగా నమోదై ఉండాలి. అమెరికాలో ఆర్‌ఈయూ అని పిలిచే కార్యక్రమం ఉంది, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో అబ్జర్వేటరీల్లో, యూనివర్సిటీల్లో వేసవిలో డిగ్రీ విద్యార్థులతో పరిశోధన చేయిస్తారు. పట్టా పుచ్చుకున్న మరుక్షణం ఆ తలుపు మూసేస్తారు, పౌరసత్వం నిబంధన ఎలాగూ ఉంది. అంటే చివరి ఏడాదిలో, ఇంకా విద్యార్థిగా ఉండగానే అర్హత ఉన్నవాటికి దరఖాస్తు పెట్టేయాలి, పట్టా వచ్చాక చూద్దాంలే అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పట్టా వచ్చేసినా దారులు అన్నీ మూసుకుపోవు, మాస్టర్స్‌లో చేరినవాళ్లకు పనికొచ్చేవీ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో లైడెన్ అబ్జర్వేటరీ, ఈసా (యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ) కలిసి నడిపే లీప్స్ అనే వేసవి కార్యక్రమం ఉంది, పది పన్నెండు వారాలు, పీహెచ్‌డీలో ఇంకా చేరని విద్యార్థుల కోసం. జర్మనీలోని గార్షింగ్‌లో యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ ఆరు వారాల వేసవి కార్యక్రమం నడుపుతుంది. ఈసాలోనే మాస్టర్స్ అయినవాళ్లకు, చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు ఏడాదిపాటు ట్రైనీ ఉద్యోగాలు ఉన్నాయి, వాటికి ప్రధానంగా సభ్యదేశాల పౌరులే అర్హులు. కెనరీ దీవుల్లోని లా పాల్మా కొండ మీద టెలిస్కోపులు నడిపే ఐజాక్ న్యూటన్ గ్రూప్ వాళ్లు విద్యార్థులను ఏడాది పాటు తీసుకుని 2.5 మీటర్ల టెలిస్కోప్ దగ్గర రాత్రి డ్యూటీ చేయిస్తారు, అక్కడికి వచ్చే పరిశోధకులకు ఆ పిల్లలే సాయం చేస్తారు. ఒక ఏడాది అలా రాత్రులు కాసినవాళ్లకు డేటా ఎక్కడ చెడుతుందో పుస్తకం చదివినవాళ్ల కంటే బాగా తెలుస్తుంది. ఏ దరఖాస్తుకైనా ముందు మూడు ముక్కలు చూసుకోండి: విద్యార్థిగా నమోదై ఉండాలా, ఏ దేశ పౌరులు, ఏ డిగ్రీ. ఈ మూడూ కుదరకపోతే మిగతా పేజీ ఎంత అందంగా ఉన్నా మనది కాదు.

ఇంకో తిరకాసు. అమెరికాలో డిగ్రీ నుంచి నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చు, ఐదారేళ్లు పడుతుంది. యూరప్‌లో ఎక్కువ చోట్ల ముందు మాస్టర్స్ అడుగుతారు. కాబట్టి యూరప్ వైపు చూస్తున్నవాళ్లు మధ్యలో ఏడాది ఉద్యోగం కన్నా స్కాలర్‌షిప్‌తో మాస్టర్స్ చూసుకోవడమే తెలివైన పని కావచ్చు. ఎరాస్మస్ ముండుస్ కింద మాస్ అనే రెండేళ్ల ఆస్ట్రోఫిజిక్స్ మాస్టర్స్ ఉంది, రోమ్, బెల్‌గ్రేడ్, బ్రెమెన్, నీస్ యూనివర్సిటీలు కలిసి నడుపుతాయి, ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్‌కి ఏ దేశం వాళ్లైనా పోటీపడొచ్చు.

ఎక్కడ వెతకాలి

ప్రకటనల కోసం అయితే అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ వాళ్ల జాబ్ రిజిస్టర్ చాలు. చదవడం ఉచితం, అన్ని దేశాల ఖాళీలూ అక్కడే వస్తాయి. ప్రీడాక్టొరల్ విభాగం ఒక్కటే చూసి వెళ్లిపోకండి, సైంటిఫిక్, టెక్నికల్ స్టాఫ్ విభాగంలో కూడా డిగ్రీ చాలు అనే ఉద్యోగాలు కనిపిస్తాయి.

కానీ అసలు కిటుకు వేరే ఉంది. పరిశోధన పత్రం చివర అక్నాలెడ్జ్‌మెంట్స్ అనే పేరా ఉంటుంది కదా, అందరూ దాటేసేది, అది చదవండి. ఈ పనికి డబ్బు ఎవరిచ్చారు, ఏ గ్రాంట్ కింద, ఏ వేసవి కార్యక్రమంలో జరిగింది అనేది అక్కడ పేరుతో సహా రాసి ఉంటుంది. మీకు నచ్చిన అంశం మీద ఈ మధ్య వచ్చిన ఇరవై పత్రాలు తీసి ఆ పేరాలు మాత్రమే చదివితే, ఏ వెతుకులాటలోనూ దొరకని చిన్న చిన్న ఫెలోషిప్‌ల పేర్లు దొరుకుతాయి. నేను అలా చదివినప్పుడే అర్థమైంది, ఈ రంగంలో డబ్బు 'ఫెలోషిప్' అనే బోర్డు కట్టుకుని కూర్చోదని, చాలాసార్లు ఒక ప్రొఫెసర్ గ్రాంట్‌లో ఒక సహాయకుడికి సరిపడా మిగిలి ఉంటుందని, అది ప్రకటనగా మారేలోపే ఎవరో అడిగి పట్టుకుపోతారని.

పత్రాలు ఎక్కడ దొరుకుతాయంటే ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో, ఏ ఖర్చూ లేకుండా. ఖగోళానికి అక్కడ ఆరు విభాగాలు ఉన్నాయి: గెలాక్సీలు, నక్షత్రాలు, గ్రహాలు, విశ్వ నిర్మాణం, హై ఎనర్జీ, పరికరాలు. ఒకటి ఎంచుకుని నెల రోజులు రోజూ పొద్దున శీర్షికలు, సారాంశాలు చదవండి. మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాదు, టెన్షన్ పడకండి. మూడో వారానికి అవే పేర్లు మళ్లీ మళ్లీ కనపడతాయి, ఏ బృందం ఏం చేస్తోందో ఆనవాలు తెలుస్తుంది. నాసా ఏడీఎస్ అనే పరిశోధన పత్రాల సూచీలో ఆ పేర్లు కొట్టి చూస్తే, ఎవరి పత్రాల్లో మొదటి రచయితలుగా విద్యార్థులు ఉన్నారో తెలుస్తుంది. అది చాలా ముఖ్యం. పెద్ద పేరున్న ప్రొఫెసర్ కన్నా, కుర్రాళ్ల పేరు ముందు వేసే ప్రొఫెసర్ దగ్గర ఏడాది పనిచేయడం మేలు అని నా అభిప్రాయం.

చేతిలో ఒక చిన్న పని ఉండాలి

దరఖాస్తుల్లో అందరికీ ఉండేవి మార్కులు, ఆసక్తి. కొందరికే ఉండేది, తానే మొదలుపెట్టి తానే ముగించిన ఒక చిన్న పని. తర్వాత్తర్వాత నేను పనిచేసిన ఒక బృందంలో దరఖాస్తులు ముందుగా వడపోసే పని నాకు అప్పగించారు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు కూడా దొరికేది కాదు, నిజం చెబుతున్నాను. ఆ ఐదు నిమిషాల్లో నా చూపు ఆగింది ఎక్కడంటే, 'ఈ డేటా తీసుకుని ఇది కొలిచాను, ఇంత వచ్చింది, ఇక్కడ తేడా కొట్టింది' అనే వాక్యం దగ్గర.

అలాంటి పని చేయడానికి టెలిస్కోప్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ కొద్దిగా వస్తే చాలు, ఆస్ట్రోపై అనే లైబ్రరీ ఉచితం, డేటా ఉచితం. ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను, కృత్తికల నక్షత్రాల గుంపు (ఇంగ్లిష్‌లో ప్లయడీస్). నక్షత్రాల స్థానాలు, దూరాలు కొలిచిన ఈసా వాళ్ల గయా ఉపగ్రహం నుంచి 2022 జూన్‌లో విడుదలైన మూడో డేటాలో దాదాపు 180 కోట్ల నక్షత్రాలు, వస్తువుల వివరాలు ఉన్నాయి. అందులోంచి కృత్తికల మధ్యబిందువు చుట్టూ రెండు డిగ్రీల వృత్తంలో ఉన్నవన్నీ దింపుకోండి. వేలకొద్దీ చుక్కలు వస్తాయి, వాటిలో చాలావాటికి ఆ గుంపుతో సంబంధమే ఉండదు, కొన్ని ముందు, కొన్ని వెనక. ఇప్పుడు ఆకాశంలో ప్రతి నక్షత్రమూ ఏడాదికి ఎటు ఎంత జరుగుతోందో గ్రాఫ్ గీయండి. సున్నా చుట్టూ పెద్ద మసక ముద్ద, దానికి దూరంగా, తూర్పుకి 20, దక్షిణానికి 45 మిల్లీ ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 36 లక్షలో వంతు అయిన అతి చిన్న కోణం) దగ్గర ఒక చిన్న చిక్కటి చుక్కల గుత్తి. అవే కృత్తికలు, కలిసి పుట్టి కలిసి నడుస్తున్నవి. ఆ గుత్తిని మాత్రమే ఉంచుకుని, పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపించే కోణం) సుమారు 7.35 మిల్లీ ఆర్క్‌సెకన్ల దగ్గర ఉన్నవాటిని ఏరుకుని, వెయ్యిని 7.35తో భాగిస్తే దూరం 136 పార్సెక్‌లు (ఒక పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు). ఈ అంకె వెనక ఒక పాత తగాదా ఉంది, అంతకు ముందు హిప్పార్కస్ ఉపగ్రహం 120 పార్సెక్‌లే అంది, మిగతా పద్ధతులన్నీ ఒప్పుకోలేదు, గయా వచ్చాక గానీ తేలలేదు.

ఇక్కడి దాకా ఎవరైనా చేస్తారు, చూసి చేయడానికి పాఠాలు కూడా దొరుకుతాయి. ఇంకో అడుగు వేయండి. ఆ నక్షత్రాల రంగు ఒక అక్షం మీద, ప్రకాశం ఇంకో అక్షం మీద పెట్టి గీస్తే సన్నటి వంపు గీత వస్తుంది. జాగ్రత్తగా చూడండి, దానికి కాస్త పైన సమాంతరంగా ఇంకో పల్చటి గీత కనిపిస్తుంది. తప్పు చేశామేమో అనిపిస్తుంది. తప్పు కాదు, అవి జంట నక్షత్రాలు. ఒకేలాంటి రెండు నక్షత్రాలు మనకు ఒకే చుక్కగా కనపడితే రంగు మారదు, వెలుగు మాత్రం రెట్టింపు అవుతుంది, రెట్టింపు వెలుగు అంటే 0.75 మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగును కొలిచే ప్రమాణం) తేడా. గీతల మధ్య దూరం కొలిస్తే దాదాపు అంతే వస్తుంది. నేను మొదటిసారి ఆ 0.75 చూసిన రాత్రి నిద్రపట్టలేదు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న మీదే: ఆ పై గీత మీద ఎంత శాతం నక్షత్రాలు ఉన్నాయి, ఎరుపు నక్షత్రాల్లో ఎక్కువా, నీలం వాటిలో ఎక్కువా? రెండు పేజీల్లో రాసి, కోడ్‌తో సహా గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లో పెట్టేయండి. కొత్త ఆవిష్కరణ ఏమీ కాదు, ఎవరూ అది అడగరు కూడా. మీరు డేటాతో కుస్తీ పట్టగలరని, ఒక అడుగు సొంతంగా వేయగలరని తెలిస్తే చాలు.

కృత్తికలు వద్దనుకుంటే గ్రహాలు ఉన్నాయి. వాస్ప్-18 బీ అనే గ్రహం 22.6 గంటలకొకసారి తన నక్షత్రం ముందు నుంచి పోతుంది, గ్రహాల కోసం వెతికే టెస్ ఉపగ్రహం ఆ నక్షత్రాన్ని ఒక్కో విడతలో దాదాపు 27 రోజులు చూసింది, అంటే పాతిక పైచిలుకు గ్రహణాలు మీ కంప్యూటర్‌లో సిద్ధం. వెలుగు ఒక శాతం తగ్గుతుంది, వర్గమూలం తీస్తే గ్రహం వ్యాసం నక్షత్రంలో పదో వంతు. లైట్‌కర్వ్ అనే లైబ్రరీతో సాయంత్రానికి అయిపోతుంది. అయిపోవడం తేలిక కాబట్టే అందరూ ఇదే చేస్తారు, నా ఓటైతే కృత్తికలకే.

ఉత్తరం రాయడం

అడగందే అమ్మయినా పెట్టదు అంటారు. సిసిలియా పేన్ కథ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కేంబ్రిడ్జ్‌లో చదువు ముగించింది, ఆ రోజుల్లో ఆ యూనివర్సిటీ ఆడవాళ్లకు పట్టా ఇచ్చేది కాదు, ఇంగ్లండ్‌లో ఉంటే బడి పంతులమ్మ ఉద్యోగం తప్ప వేరే దారి కనిపించలేదు. లండన్‌లో హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్ హార్లో షాప్లీ ఉపన్యాసం విని, మీ దగ్గర పనిచేయాలని ఉంది అని ఆయన్నే అడిగేసింది. 1923లో చిన్న ఫెలోషిప్ మీద అమెరికా వెళ్లింది, 1925కల్లా నక్షత్రాల్లో ఉన్నది ముఖ్యంగా హైడ్రోజన్, హీలియం అని థీసిస్‌లో లెక్క తేల్చింది. అప్పటి పెద్దాయన హెన్రీ నోరిస్ రస్సెల్ ఒప్పుకోకపోతే అది నిజం కాకపోవచ్చని తనే రాసుకోవాల్సి వచ్చింది, నాలుగేళ్లకు రస్సెల్ తన దారిలో లెక్కవేసి అదే ఫలితానికి వచ్చాడు. అడగడం వరకే మన చేతిలో ఉంది, ఆ తర్వాత వచ్చేవి కూడా అంత తేలిక కాదు, అయినా అడగాలి.

మనం అడిగేది ఈమెయిల్‌లో. నా మొదటి ఉత్తరం ఒకటిన్నర పేజీ, 'గౌరవనీయులైన' అని మొదలై, చిన్నప్పటి నుంచి నక్షత్రాలంటే ఇష్టం అని సాగి, అవకాశం ఇప్పించగలరని ప్రార్థన అని ముగిసేది. నలభై మందికి పంపాను, పేరు మాత్రం మార్చి. ఒక చోట పేరు మార్చడం కూడా మర్చిపోయాను. జవాబులు రెండు, రెండూ 'ప్రస్తుతం ఖాళీ లేదు'. తర్వాత పంపినవి ఎనిమిదే. ఒక్కోటి ఐదారు వాక్యాలు. నేనెవరు అనేది ఒక వాక్యం. మీ ఫలానా పత్రంలో ఫలానా బొమ్మ చూశాను, అందులో ఈ భాగం ఎందుకు అలా ఉందో అర్థం కాలేదు అనేది రెండో వాక్యం (ఇది నిజంగా ప్రశ్నే అయి ఉండాలి, పొగడ్త కాకూడదు). నేను చేసిన చిన్న పని ఇది, లింకు ఇదీ, అని మూడోది. వచ్చే ఏడాది మీ బృందంలో డిగ్రీవాళ్లకు జీతంతో పని ఉండే అవకాశం ఉందా, లేకపోతే ఎవరిని అడగమంటారు అని నాలుగోది. ఆ చివరి ముక్క మర్చిపోకండి. తన దగ్గర లేదని చెప్పాల్సి వచ్చినవాళ్లకు ఇంకొకరి పేరు చెప్పే వీలు ఇచ్చినట్టు అవుతుంది, చాలామంది చెబుతారు కూడా. ఎనిమిదిలో ఐదింటికి జవాబొచ్చింది, ఒకటి పని అయింది, అది కూడా నేను రాసినవారి దగ్గర కాదు, వారు పేరు చెప్పినవారి దగ్గర.

రెండు వారాలకు జవాబు లేకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తు చేయండి. మూడోసారి వద్దు.

స్టేట్‌మెంట్, సిఫార్సు ఉత్తరాలు

దరఖాస్తుతో పెట్టే స్టేట్‌మెంట్‌లో (మీరేం చేశారో, ఏం చేయాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) చిన్నప్పుడు డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన సంగతి రాయకండి. బాగోదని కాదు, అందరూ అదే రాస్తారు, పదో దరఖాస్తుకే చదివేవాళ్లకు కళ్లు మూతలు పడతాయి. మొదటి పేరాలోనే చేసిన పని, అందులో ఎక్కడ చిక్కుపడ్డారో చెప్పండి. ఆగిపోయిన చోటు రాయడానికి అందరూ జంకుతారు, నిజానికి చదివేవాళ్లు వెతికేది అదే, ఎందుకంటే ఇక్కడికి వచ్చాక కూడా రోజూ చిక్కుపడాల్సిందే. రెండో పేరాలో ఈ సంస్థలో ఏ ప్రశ్న మీద పనిచేయాలని ఉందో, అక్కడ ఉన్న ఏ పరికరం, ఏ డేటా దానికి పనికొస్తుందో. ఇక్కడ పేరు మార్చి ఇంకో సంస్థకు పంపినా అతికేలా ఉంటే ఆ పేరా దండగ, మళ్లీ రాయండి. ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు, తర్వాత ఎటు అనేది చివర రెండు వాక్యాలు.

సిఫార్సు ఉత్తరాల దగ్గర చాలామంది మొహమాటపడి దెబ్బతింటారు. గడువుకు నాలుగు వారాల ముందే అడగాలి. అడిగేటప్పుడు 'రాస్తారా' అని కాదు, 'నా పని గురించి వివరంగా రాయగలిగేంత మీకు తెలుసా' అని అడగండి. కాస్త నసిగినా ఇంకొకరిని చూసుకోవడం మంచిది. ఎందుకంటే 'ఈ విద్యార్థి నా క్లాసులో క్రమశిక్షణతో ఉన్నాడు, మంచి మార్కులు వచ్చాయి' అనే నాలుగు లైన్ల ఉత్తరం, రాసినవారు ఎంత పెద్ద పదవిలో ఉన్నా, మేలు కన్నా కీడే చేస్తుంది. మీతో ఒక సెమిస్టర్ ప్రాజెక్టు చేయించి, మీ కోడ్‌లో తప్పు ఎలా పట్టుకున్నారో చూసిన జూనియర్ లెక్చరర్ ఉత్తరం దానికి పదింతలు నయం. ఒప్పుకున్నాక వారికి ఒక కాగితం ఇవ్వండి: దేనికి దరఖాస్తు, గడువు ఎప్పుడు, వారితో మీరు చేసిన పనిలో గుర్తుంచుకోదగ్గ రెండు మూడు సంగతులు, మీ స్టేట్‌మెంట్. వారం ముందు ఒకసారి గుర్తు చేయండి. గుర్తు చేస్తే ఏమనుకుంటారో అని నేను ఊరుకున్న ఏడాది ఒక ఉత్తరం గడువు దాటాక రెండు రోజులకు చేరింది. తప్పు వారిది అనడానికి లేదు, నేనే గుర్తు చేయలేదు.

గడువుల గురించి రెండు ముక్కలు. వేసవి కార్యక్రమాల దరఖాస్తులు ఎక్కువగా చలికాలంలోనే, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు ముగుస్తాయి, కాబట్టి చిన్న పని ఏదో ఆగస్టు, సెప్టెంబర్‌లోనే మొదలు కావాలి. గడువు పక్కన ఏఓఈ అని ఉంటే, భూమ్మీద ఎక్కడో ఒకచోట ఇంకా ఆ తేదీ ఉన్నంతవరకూ అని అర్థం, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికి పన్నెండు గంటలు వెనక. ఆ లెక్కన మరుసటి రోజు ప్రామాణిక సమయం మధ్యాహ్నం పన్నెండు దాకా టైం ఉంటుంది. అలాగని ఆఖరి గంటలో ఎక్కించే అలవాటు పెట్టుకోకండి, సర్వర్లు సరిగ్గా అప్పుడే మొరాయిస్తాయి.

ఇంటర్వ్యూ

ఎక్కువసార్లు వీడియో కాల్, పావుగంట నుంచి అరగంట. భయపడాల్సిన ప్రశ్నలు పాఠ్యపుస్తకంలోంచి రావు, మీరు రాసిన దాంట్లోంచే వస్తాయి. నన్ను అడిగింది కృత్తికల దూరం గురించే. 136 పార్సెక్‌లు అని ధీమాగా చెప్పాను. ఎర్రర్ ఎంత, అంటే ఆ అంకె ఎంత అటూ ఇటూ కావచ్చు అన్నారు. వందల నక్షత్రాల సగటు కదా, 0.1 పార్సెక్ కూడా ఉండదు అన్నాను, లోపల మురిసిపోతూ. ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడ నవ్వి, గయా పారలాక్స్‌లకు సున్నా ఎక్కడుందో తెలుసా అని అడిగింది. నీళ్లు నమిలాను. సంగతేమిటంటే గయా కొలతలన్నీ కొన్ని పదుల మైక్రో ఆర్క్‌సెకన్ల మేర ఒకే వైపు జరిగి ఉంటాయి. అది ఎన్ని నక్షత్రాల సగటు తీసినా పోదు, అందరి గడియారాలూ ఐదు నిమిషాలు వెనక ఉంటే ఎంతమందిని టైం అడిగినా లాభం లేనట్టు. 7.35 కాస్తా 7.38 అయితే దూరం అర పార్సెక్ మారుతుంది, అంటే నేను చెప్పిన ఎర్రర్ ఐదు రెట్లు తక్కువ. 'నాకు తెలియదు, కానీ దూరంగా ఉన్న క్వేజార్లకు (ఎంతో దూరంలోని గెలాక్సీల మెరిసే కేంద్రాలు) పారలాక్స్ సున్నా రావాలి కదా, వాటితో పోల్చి చూడొచ్చేమో' అని తడుముకుంటూ అన్నాను. నిజంగా అలాగే చూస్తారట. ఆ తడబాటే నన్ను గట్టెక్కించిందని తర్వాత ఆవిడే చెప్పింది. కాబట్టి మీరు రాసిన ప్రతి అంకెకీ 'ఎంత వరకు నమ్మొచ్చు' అని మీరే ముందు అడుక్కుని వెళ్లండి, తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, తెలుసుకోవడానికి ఏం చేస్తారో పైకి చెబుతూనే ఆలోచించండి.

మీరూ అడగాలి. నాతో రోజువారీ ఎవరు పనిచేస్తారు, ప్రొఫెసరా, పీహెచ్‌డీ అయ్యాక అక్కడ పరిశోధన చేసే పోస్ట్‌డాకా? వారానికి ఎన్నిసార్లు కలుస్తాం? పత్రం వస్తే పేర్ల వరుస ఎలా నిర్ణయిస్తారు? ఇంతకు ముందు ఇదే చోట ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఆఖరి ప్రశ్నకు జవాబు గబగబా, పేర్లతో సహా వస్తే మంచి బృందం.

ఆఫర్ వచ్చాక

సంతోషంలో వెంటనే ఓకే చెప్పేయకండి, మర్యాదగా కొన్ని రోజులు టైం అడగండి, ఇస్తారు. డబ్బు విషయం సిగ్గుపడకుండా అడగాల్సిందే. నెలనెలా వస్తుందా, విడతలుగా వస్తుందా? ఆరోగ్య బీమా వాళ్లదా, మనదా? వీసా కాగితాలు ఎవరు చూస్తారు, ఎన్ని వారాలు పడుతుంది? ప్రయాణం ఖర్చు ముందే ఇస్తారా, మనం పెట్టుకున్నాక తిరిగిస్తారా? ఈ చివరిది నాకు గట్టిగా తగిలింది. విమానం టికెట్టు, మొదటి నెల అద్దె, అడ్వాన్సు, అన్నీ జేబులోంచి పెట్టాక, ఇచ్చేది మాత్రం మూడో నెలలో ఇచ్చారు, మధ్యలో అప్పు చేయాల్సి వచ్చింది. ముందే అడిగి ఉంటే కొంత అడ్వాన్సు ఇచ్చే పద్ధతి ఉందని తెలిసేది, ఆ సంస్థలోనే నాతోపాటు చేరిన ఇంకొకతను అలాగే తీసుకున్నాడు.

ఇంకా, అదే చోట ఇంతకు ముందు పనిచేసిన ఒకరితో ప్రొఫెసర్ లేకుండా మాట్లాడండి. ఈమెయిల్ పెడితే దాదాపు అందరూ మాట్లాడతారు. ఏదైనా ఇబ్బంది ఉంటే నేరుగా చెప్పరు, 'నాకు బాగానే ఉంది, కానీ...' అని ఆగుతారు. ఆ 'కానీ' తర్వాత కాసేపు మీరూ ఏమీ మాట్లాడకండి, మిగతాది వాళ్లే చెబుతారు.

ఒప్పుకున్నాక మిగతా చోట్లకు ఆ రోజే రావట్లేదని రాసేయండి. మీ పేరు వెయిటింగ్ లిస్టులో ముందున్నంతకాలం వెనకున్న ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉంటారు, నేనూ అలా మూడు వారాలు ఉన్నాను. సిఫార్సు ఉత్తరాలు రాసినవారికి ఫలితం చెప్పండి, రాకపోయినా సరే చెప్పండి. ఏ చోటా రాకపోతే వారినే 'ఏం తక్కువైంది, చెప్పండి' అని అడగండి, వచ్చే ఏడాది రాసే ఉత్తరం ఆ సంభాషణ నుంచే మొదలవుతుంది.